ఎడమ చెయ్యి ఖాళీగా లేదు: మందుల హోల్‌సేల్ బిల్లింగ్ ఎడిటర్ల డైరీ

ఆగస్టు 4, 2025

విజయవాడ వన్‌టౌన్‌లో ఒక మందుల హోల్‌సేల్ షాపు. పేరు రాయను, వాళ్లకి ఇష్టం లేదు. ఎప్పుడో ఎవరో ఫాక్స్‌ప్రో అనే పాత డేటాబేస్ భాషలో రాసిచ్చిన ప్రోగ్రామ్ మీదే ఇన్నేళ్లూ నెట్టుకొచ్చారు. రాసినాయన ఇప్పుడు ఫోన్ ఎత్తడు, ఫాక్స్‌ప్రోకి మైక్రోసాఫ్ట్ సపోర్టు 2015 జనవరిలోనే ఆగిపోయింది, అయినా ఆ నీలం తెర మాత్రం రోజూ పొద్దున్నే లేచి పనిచేస్తూనే ఉంది. కొత్త కంప్యూటర్ కొన్నప్పుడల్లా దాన్ని బతికించడం ఓ యజ్ఞం అయిపోతోందని చివరికి ఓనరు గారు "బ్రౌజర్‌లో నడిచేది చేసిపెట్టండి" అన్నారు.

రెండే రెండు ముఖ్యమైన స్క్రీన్లు. ఒకటి పర్చేజ్ ఎంట్రీ: కంపెనీ నుంచి వచ్చిన ఇన్‌వాయిస్ చూసి ఎక్కించేది. రెండోది సేల్ బిల్లు. రెండింట్లోనూ ఉండేది ఒక పెద్ద పట్టిక. ఐటెమ్, ప్యాకింగ్, బ్యాచ్, ఎక్స్‌పైరీ, ఎమ్మార్పీ, రేటు, క్వాంటిటీ, ఫ్రీ, డిస్కౌంటు, జీఎస్టీ, ఇలా 14 కాలమ్స్. టేబుల్ గీసి గడుల్లో ఇన్‌పుట్ బాక్సులు పెడితే అయిపోయె, రెండు వారాల పని అని చెప్పి వచ్చాను. ఈ వాక్యం ఇక్కడ రాసి పెట్టుకుంటున్నా, తర్వాత చదువుకుని నవ్వుకోవడానికి.

ఆగస్టు 9

రియాక్ట్‌లో (వెబ్ స్క్రీన్లు కట్టే జావాస్క్రిప్ట్ లైబ్రరీ) నేనే సొంతంగా టేబుల్ కట్టాను. నా ల్యాప్‌టాప్‌లో బ్రహ్మాండంగా ఉంది. షాపులో ఉన్నది 4 జీబీ ర్యామ్ పాత మెషీన్. దాంట్లో 40 లైన్ల ఇన్‌వాయిస్ తెరిస్తే 560 ఇన్‌పుట్ బాక్సులు, ఒక్క అంకె కొట్టగానే అన్నీ మళ్లీ రెండర్ అవుతున్నాయి (తెర మీద మొదట్నుంచి గీసుకుంటున్నాయి), టైపు చేసిన అంకె కాసేపాగి తాపీగా కనిపిస్తోంది. అనవసరపు రెండరింగ్ ఆపడానికి మెమో అని ఒక చోట, కాల్‌బ్యాక్ అని ఇంకో చోట అతుకులు వేసుకుంటూ రెండు రోజులు పోయాక మొత్తం తీసేసి ఏజీ గ్రిడ్ అనే రెడీమేడ్ పట్టిక లైబ్రరీకి మారాను. ఇందులో సెల్ మామూలప్పుడు ఉత్త అక్షరాలే, ఎడిట్ చేస్తున్న ఒక్క సెల్‌లోనే ఎడిటర్ (టైపు చేసే పెట్టె) పుడుతుంది, పని అవ్వగానే పోతుంది. పాత మెషీన్‌కి ప్రాణం లేచొచ్చింది.

దీని కమ్యూనిటీ ఎడిషన్ ఎమ్ఐటీ లైసెన్సు, ఉచితం. కాకపోతే వెతుక్కునే డ్రాప్‌డౌన్ ఎడిటర్, ఎక్సెల్ నుంచి గంపగుత్తగా పేస్ట్ చేసే సౌకర్యం డబ్బులు కట్టే ఎంటర్‌ప్రైజ్ ఎడిషన్‌లో ఉన్నాయి. మా బడ్జెట్‌కి అది కుదరదు కాబట్టి ఆ రెండూ మేమే రాసుకోవాలి. "అక్కా, ఎడిటర్ అంటే చిన్న కాంపొనెంటే కదా, రోజుకి రెండు రాసేద్దాం" అన్నాడు నాతో పనిచేసే కుర్రాడు. వాడూ నా లాంటివాడే.

ఆగస్టు 14

మొదటి డెమో. ఘోరం.

షాపులో ఎంట్రీ చేసేది ఒకే ఒకాయన. అందరూ బాబాయ్ అంటారు, నేనూ అదే అంటున్నాను. ఆయన కూర్చున్నారు, ఇన్‌వాయిస్ కట్ట తీసుకున్నారు, మొదటి లైన్ కొట్టి ఎంటర్ నొక్కారు. ఏమీ అవ్వలేదు. మళ్లీ నొక్కారు. ఏమీ అవ్వలేదు. నేను వెళ్లి అదే ఎంటర్ నొక్కితే కర్సర్ పక్క గడిలోకి వెళ్లింది. ఆయన నావైపు, కీబోర్డు వైపు మార్చి మార్చి చూశారు. తేడా ఏమిటో తెలుసుకోవడానికి పది నిమిషాలు పట్టింది: నేను నొక్కింది అక్షరాల పక్కన ఉండే పెద్ద ఎంటర్, ఆయన నొక్కింది నంబర్ ప్యాడ్ మీది ఎంటర్. నేను కోడ్‌లో ఈవెంట్ "కీ"ని (నొక్కినదాని అర్థం) కాకుండా ఈవెంట్ "కోడ్"ని (కీబోర్డు మీద ఏ మీట అన్నది) చూశాను. కీ అడిగితే రెండూ ఎంటరే. కోడ్ అడిగితే ఒకటి ఎంటర్, రెండోది నంప్యాడ్‌ఎంటర్. ఒక్క పదం మార్చాను, అయిపోయింది.

అక్కడితో అయిపోయిందనుకుని లేచేదాన్నే. డిస్కౌంటు గడి దగ్గర ఎంటర్‌కి ఇంకా ఏమీ కట్టలేదు, "అక్కడ ట్యాబ్ నొక్కండి బాబాయ్" అన్నాను. ఆయన ఎడమ చెయ్యి పైకెత్తి చూపించారు. అందులో ఇన్‌వాయిస్ ఉంది, చూపుడు వేలు ప్రస్తుతం ఎక్కిస్తున్న లైన్ మీద ఉంది.

"ఈ చెయ్యి ఖాళీగా లేదమ్మాయ్. ఈ వేలు తీశానంటే ఏ లైన్లో ఉన్నానో పోతుంది."

కుడిచేత్తో నంబర్ ప్యాడ్, ఎడమచేత్తో కాగితం. కళ్లు కాగితం మీదే, తెర వైపు లైనుకి ఒక్కసారి చూస్తారేమో. ఇన్నేళ్లుగా ఆయన పని ఇంతే. ఫాక్స్‌ప్రోలో ఎంటర్ కొడితే తర్వాతి గడిలోకి పోతుంది, అంతకుమించి ఏమీ లేదు, అంతకుమించి అక్కర్లేదు కూడా. నేను కట్టిన స్క్రీన్‌లో ట్యాబ్ ఎడమవైపు ఉంది, ఎస్కేప్ ఎడమవైపు ఉంది, క్యాలెండర్‌కి మౌస్ కావాలి, డ్రాప్‌డౌన్‌కి మౌస్ కావాలి.

కుర్రాడు టైమ్ చూశాడు. 25 లైన్ల ఇన్‌వాయిస్ పాతదాంట్లో 3 నిమిషాల 40 సెకన్లు, మాదాంట్లో 9 నిమిషాల పైన. ఓనరు గారు ఏమీ అనలేదు, కాఫీ తెప్పించారు. అది ఇంకా ఇబ్బందిగా అనిపించింది.

ఇంటికొచ్చి తెల్లకాగితం మీద నంబర్ ప్యాడ్ బొమ్మ గీసుకున్నాను. పది అంకెలు, చుక్క, ఎంటర్, ప్లస్, మైనస్, స్టార్, స్లాష్. ఐటెమ్ పేరు వెతకడానికి ఎలాగూ అక్షరాలు కావాలి, బ్యాచ్‌కి కొన్నిసార్లు కావాలి. మిగతావన్నీ ఈ పదహారు కీలతో అయిపోవాలి. ప్రాజెక్టు అసలు స్పెక్ (ఏం కట్టాలో చెప్పే పత్రం) ఇదే, ముందు నేను రాసిన ఏడు పేజీల డాక్యుమెంట్ కాదు.

ఆగస్టు 18

నాలుగు రోజులు ఒక్క ఎంటర్ మీదే. గ్రిడ్ తనంతట తాను ఎంటర్‌కి ఒక అర్థం పెట్టుకుంది: ఎడిట్‌లో లేకపోతే ఎడిట్ మొదలు, ఎడిట్‌లో ఉంటే ఎడిట్ ముగింపు, కర్సర్ అక్కడే. దాన్ని కాలమ్ సెట్టింగ్‌లో ఆపేసి, ముందు ఎడిట్ ముగించి, తర్వాత ఏ గడికి పోవాలో మా పట్టిక చూసి అక్కడ ఎడిట్ తెరిచేలా రాశాను. "తర్వాతి గడి" అంటే పక్కన ఉన్న గడి అని కాదు. సేల్ బిల్లులో బ్యాచ్ ఎంచుకున్నాక ఎక్స్‌పైరీ, ఎమ్మార్పీ, రేటు వాటంతట అవే నిండుతాయి కాబట్టి నేరుగా క్వాంటిటీకి దూకాలి. పర్చేజ్‌లో అలా కాదు, అన్నీ కొట్టాలి.

ఇందులో రెండు పురుగులు (బగ్‌లు) దొరికాయి, ఇలాంటిది కట్టేవాళ్లందరికీ దొరుకుతాయి కాబట్టి వివరంగా రాస్తున్నా.

మొదటిది: గడి మీద ఉండి నేరుగా 100 అని కొడితే 00 పడుతోంది. మొదటి అంకె ఎడిటర్‌ని తెరవడానికి ఖర్చయిపోతోంది. ఎడిటర్ తెరుచుకోవడానికి ఏ కీ కారణమో గ్రిడ్ మనకి ప్రాప్‌గా (ఎడిటర్‌కి అందే విలువగా) పంపిస్తుంది, మన సొంత ఎడిటర్ మొదటి విలువగా దాన్ని తీసుకోవాలి. తీసుకోకపోతే పోయినట్టే. బాబాయ్ తెర చూడరు కదా, ఇది కనిపెట్టకుండా వదిలేసి ఉంటే 100 స్ట్రిప్పుల సరుకు సున్నాగా ఎక్కి ఉండేది.

రెండోది: విలువ మారిందని గ్రిడ్‌కి చెప్పి, ఆ వెంటనే ఎడిట్ ఆపమంటే పాత విలువే సేవ్ అవుతోంది. రియాక్ట్‌లో స్టేట్ (దాచుకున్న విలువ) మార్పు ఆ క్షణంలో జరగదు, తర్వాత జరుగుతుంది. గ్రిడ్ మాత్రం ఆ క్షణంలోనే అడుగుతుంది. అంకెలు కొట్టి ఎంటర్ నొక్కినప్పుడు తేడా తెలియదు, ఎందుకంటే అంకెకీ ఎంటర్‌కీ మధ్య బోలెడు టైమ్ ఉంటుంది. లిస్టులోంచి ఒకటి ఎంచుకోగానే మూసుకునే ఎడిటర్లలో బయటపడుతుంది. ఆపడాన్ని సెట్‌టైమౌట్ (తర్వాత చెయ్యమనే ఆజ్ఞ) సున్నాతో ఒక్క అడుగు వెనక్కి నెట్టాను. చూడ్డానికి మొరటుగా ఉంది, పనిచేస్తోంది, ఉంచేశాను.

ఆగస్టు 23

స్కీమ్ ఎడిటర్. మందుల వ్యాపారంలో పది కొంటే ఒకటి ఫ్రీ అనేది "10+1". మా డిజైన్‌లో క్వాంటిటీ ఒక గడి, ఫ్రీ ఒక గడి. బాబాయ్‌కి అది ఒకే మాట, టెన్ ప్లస్ వన్, కాగితం మీదా అలాగే ఉంటుంది. నంబర్ ప్యాడ్ మీద ప్లస్ ఖాళీగా ఉంది. సో 10+1 అని కొట్టగానే క్వాంటిటీ 10, ఫ్రీ 1 రెండు గడుల్లోకి విడిపోవాలి.

ఇన్‌పుట్ టైప్ నంబర్ అని పెట్టి ఉన్నాను, అదే తప్పు. దాంట్లో 10+1 అని కొడితే బ్రౌజర్ దాన్ని చెల్లని నంబర్‌గా చూసి మనం విలువ అడిగితే ఖాళీ ఇస్తుంది, పదీ పోయింది ఒకటీ పోయింది. పైగా "ఇ" అనే ఇంగ్లీష్ అక్షరాన్ని ఒప్పుకుంటుంది, ఎందుకంటే 1ఇ5 అనేది కూడా నంబరేనట. ఇక మౌస్ చక్రం తిప్పితే అంకె మారిపోయే ముచ్చట వేరే. బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌లో టైప్ నంబర్ పెట్టకండి, టైప్ టెక్స్ట్ పెట్టి మీరే పార్స్ చేసుకోండి, అంటే ముక్కలు చేసి అర్థం తీసుకోండి.

పార్సర్ చిన్నదే, కానీ గడిలో చూపించేది, దాచేది, టైపు చేసేది మూడూ వేర్వేరు అని ఒప్పుకోవడానికి నాకు టైమ్ పట్టింది. దాచేది రెండు పూర్ణ సంఖ్యలు. చూపించేది "10+1". టైపు చేసేది 10+1 కావచ్చు, +1 మాత్రమే కావచ్చు, అంటే క్వాంటిటీ అలాగే ఉంచి ఫ్రీ మార్చమని. ఫ్రీ కలిపితే నికరంగా పడే డిస్కౌంటు 9.09 శాతం అని పక్కన చిన్నగా చూపిస్తే ఓనరు గారికి మహా సంతోషం కలిగింది. బాబాయ్ అది చూడనే లేదు.

డబ్బు మొత్తం పైసల్లో, పూర్ణ సంఖ్యల్లో. జావాస్క్రిప్ట్‌లో 1.005ని 100తో గుణిస్తే 100.49999999999999 వస్తుంది, దాన్ని పట్టుకుని రౌండ్ చేస్తే పైసా తేడా వస్తుంది, ఆ పైసా కోసం ఆడిటర్ గారు రెండు గంటలు కూర్చుంటారు.

ఆగస్టు 27

వినాయక చవితి. పని లేదు. ఉండ్రాళ్లు తింటూ ఫోన్‌లో ఒక బగ్ చూశాను, చూడలేదని ఇంట్లో చెప్పాను.

ఆగస్టు 31

ఎక్స్‌పైరీ ఎడిటర్. ముందు పెట్టిన క్యాలెండర్‌ని పీకి పారేశాను. మందుల మీద ఎక్స్‌పైరీ నెల, సంవత్సరం మాత్రమే ఉంటుంది, ఆ నెల చివరి రోజు దాకా వాడొచ్చని అర్థం. బాబాయ్ కొట్టేది 926. అంటే 09/26. ఒక్కోసారి 0926, ఒక్కోసారి 9.26, ఒక్కోసారి 9/26. నియమం ఒక్కటే: చివరి రెండంకెలు సంవత్సరం, ముందు మిగిలింది నెల. 126 అంటే జనవరి 26, 1226 అంటే డిసెంబర్ 26. నెల 12 దాటితే గడి ఎర్రబడి ఎంటర్ పనిచేయదు, ఒక బీప్ వస్తుంది. ఆ బీప్ ముఖ్యం, కళ్లు కాగితం మీద ఉన్నాయి కాబట్టి తప్పు చెవికి చెప్పాలి.

దీన్ని డేట్‌గా దాచాను, మరుసటి రోజు సెప్టెంబర్ బ్యాచ్‌లన్నీ ఆగస్టు అయి కూర్చున్నాయి. సెప్టెంబర్ 1, మన టైమ్ ప్రకారం అర్ధరాత్రి 12 గంటలు. సర్వర్‌కి పంపేటప్పుడు అది యూటీసీకి (ప్రపంచ ప్రామాణిక సమయం) మారితే ఆగస్టు 31 సాయంత్రం 6:30. అయిదున్నర గంటలు వెనక్కి పోయి నెలే మారిపోయింది. డేట్ అన్న మాటే తీసేశాను. ఇప్పుడు దాచేది 202609 అనే ఉత్త అంకె. పోల్చడం తేలిక, సార్టింగ్ తేలిక, టైమ్ జోన్ దరిదాపుల్లోకి రాదు.

ఇంకో నవ్వొచ్చే పొరపాటు. ఎక్స్‌పైరీ దాటిన మందు ఎక్కించబోతే ఒప్పుకోకూడదని గట్టిగా రాశాం. అదే ఎడిటర్‌ని ఎక్స్‌పైరీ రిటర్న్ స్క్రీన్‌లో పెట్టాం. అక్కడ వచ్చేవన్నీ ఎక్స్‌పైరీ అయినవే. ఒక్కటీ ఒప్పుకోలేదు. తనిఖీని ఎడిటర్‌లోంచి తీసి స్క్రీన్‌కి అప్పగించాను. గడికి తెలియాల్సింది అది చెల్లే నెలా కాదా అన్నంత వరకే, అది ఎక్కాలా వద్దా అనేది బిల్లు సంగతి.

సెప్టెంబర్ 4

నిన్న రాత్రి జీఎస్టీ కౌన్సిల్ 56వ సమావేశం నిర్ణయాలు వచ్చాయి. చాలా మందుల మీద 12 శాతం కాస్తా 5 అవుతోంది, 33 ప్రాణరక్షక మందుల మీద 12 నుంచి సున్నా. సెప్టెంబర్ 22 నుంచి అమలు. పొద్దున్నే ఓనరు గారి ఫోన్. "మీ కొత్తదాంట్లో మారుతుందా?" మారుతుందండీ, ఐటెమ్ మాస్టర్‌లో (ఐటెమ్‌లన్నిటి మూల పట్టిక) రేటు మారిస్తే చాలు అన్నాను ధీమాగా.

మధ్యాహ్నం కుర్రాడు మాస్టర్‌లో మార్చి చూశాడు. జూలైలో కొట్టిన పాత బిల్లు మళ్లీ ప్రింట్ తీస్తే 5 శాతంతో వచ్చింది. బిల్లు లైన్‌లో రేటు దాచకుండా మాస్టర్‌లోంచి చూసుకుంటున్నాం! ఎంత మంది చెప్పి ఉంటారు ఈ పాఠం, అయినా. ఇప్పుడు లైన్ ఎక్కిన రోజు ఏ రేటో ఆ లైన్‌లోనే ఉంటుంది, మాస్టర్‌లో రేటు పక్కన ఎప్పటి నుంచి అనే తేదీ ఉంటుంది.

సెప్టెంబర్ 13

బ్యాచ్ ఎడిటర్. ఐటెమ్ ఎంచుకుంటే దాని బ్యాచ్‌ల లిస్టు తెరుచుకోవాలి, ముందు ఎక్స్‌పైరీ అయ్యేది పైన. బాణం కీలు నంబర్ ప్యాడ్ మీద నమ్‌లాక్ తీస్తే గానీ పనిచేయవు, నమ్‌లాక్ తీస్తే చుక్క కీ డిలీట్ అవుతుంది, ప్రళయం. అందుకని లిస్టులో ప్రతి బ్యాచ్‌కి 1, 2, 3 నంబర్లు వేశాను. ఎంటర్ కొడితే పైనున్నది, 2 కొడితే రెండోది.

పట్టిక ఆఖరి లైన్‌లో లిస్టు తెరిస్తే గ్రిడ్ అంచు కింద నరికేసినట్టు ఉంటోంది. పోర్టల్ అనే రియాక్ట్ పద్ధతితో బయటికి, పేజీ బాడీలోకి తెచ్చాను. అప్పుడు ఇంకో గొడవ: లిస్టులో క్లిక్ చేస్తే గ్రిడ్ "బయట క్లిక్ చేశారు" అనుకుని ఎడిటర్‌ని మూసేస్తోంది, క్లిక్ చేరేలోపే లిస్టు మాయం. రెండు గంటలు నా కోడ్‌లో వెతికాను. దీనికి విరుగుడు గ్రిడ్ డాక్యుమెంటేషన్‌లోనే ఉంది: పాపప్ పై ఎలిమెంట్‌కి ఏజీ-కస్టమ్-కాంపొనెంట్-పాపప్ అనే క్లాసు పెడితే గ్రిడ్ దాన్ని తనదే అనుకుంటుంది. ఒక్క క్లాసు పేరు, అంతే.

కంపెనీల దగ్గర్నుంచి ఇన్‌వాయిస్‌లు సీఎస్వీ ఫైళ్లుగా (కామాలతో విడదీసిన ఉత్త అక్షరాల పట్టికలుగా) కూడా వస్తాయి, పేస్ట్ చేస్తే ఎక్కేలా రాశాం. ఒక బ్యాచ్ నంబర్ 2.00ఇ+10 అని వచ్చింది. అసలు బ్యాచ్ 2ఇ10. షాపులో ఎవరో ఫైల్‌ని ఎక్సెల్‌లో తెరిచి సేవ్ కొట్టారు, ఎక్సెల్ దాన్ని రెండు వేల కోట్లు అనుకుంది. ముందున్న సున్నాలు మింగేయడం, సెప్2 లాంటివి తేదీలు చేసేయడం కూడా దాని అలవాటే. ఈ బాధ భరించలేక జన్యువుల పేర్లు నిర్ణయించే శాస్త్రవేత్తలే 2020లో కొన్ని పేర్లు మార్చుకున్నారు, సెప్ట్1 సెప్టిన్1 అయింది. మేం బ్యాచ్ పేర్లు మార్చలేం కదా. ఫైల్‌ని ఎక్సెల్ ముట్టుకోకుండా నేరుగా మా స్క్రీన్‌లో పడేసే బటన్ పెట్టాం, ఇ+ కనిపిస్తే లైన్ ఆపి అడుగుతుంది.

క్యూఆర్ స్కాన్ చేస్తే పోలా అని ఓనరు గారు అడిగారు. 300 బ్రాండ్ల మీద క్యూఆర్ లేదా బార్‌కోడ్ ఉండాలన్న రూల్ 2023 ఆగస్టు 1 నుంచి ఉంది, అందులో బ్యాచ్, ఎక్స్‌పైరీ కూడా ఉండాలి. షాపులోంచి పది డబ్బాలు తీసి స్కాన్ చేశాం. ఒకదానిలో ఉన్నట్టు ఇంకోదానిలో లేదు. అదో వేరే ప్రాజెక్టు, ఇప్పుడు కాదు.

సెప్టెంబర్ 22

ఇవాళ కొత్త రేట్లు. ఇవాళే దసరా ఉత్సవాలు మొదలు. దుర్గమ్మ కొండ కింద వీధులన్నీ మళ్లించారు, పొద్దున్న 6 గంటలకి బండి ఎక్కడో పెట్టి నడుచుకుంటూ షాపుకి వెళ్లాను.

రేటు మార్పు గడబిడ లేకుండా జరిగింది. ఎమ్మార్పీ దగ్గర మాత్రం ఇరుక్కున్నాం. లెక్క ఇలా: 12 శాతం రోజుల్లో ఎమ్మార్పీ 100 ఉంటే పన్ను తీసేస్తే 89.29, అందులో రిటైలర్‌కి 20 శాతం పోతే ఆ రిటైలర్‌కి మేం అమ్మే రేటు 71.43. పన్ను 5 అయితే అదే 89.29కి 5 శాతం కలిపి కొత్త ఎమ్మార్పీ 93.75 అవ్వాలి, రేటు మళ్లీ అదే 71.43. బాగుంది. కానీ గోడౌన్‌లో ఉన్న స్ట్రిప్పుల మీద అచ్చు 100 అనే ఉంది. కంపెనీలు సవరించిన ధరల లిస్టు ఇస్తే పాత స్టాక్ మీద మళ్లీ లేబుల్ అంటించక్కర్లేదు. అంటే చేతిలో స్ట్రిప్పు మీద ఒక ధర, బిల్లులో ఒక ధర. బాబాయ్ చూసేది చేతిలో ఉన్నదాన్నే, కొట్టేదీ దాన్నే.

ఎమ్మార్పీ ఎడిటర్‌ని అక్కడే, కౌంటర్ పక్క స్టూల్ మీద కూర్చుని మార్చాను. కొట్టేది అచ్చు ధర. 22కి ముందు ఎక్కిన బ్యాచ్ అయితే కంపెనీ లిస్టులో కొత్త ధర వెతుకుతుంది, ఉంటే అది పెద్దగా, అచ్చుది పక్కన చిన్నగా కొట్టివేతతో. లిస్టులో లేకపోతే 93.75 లాగా లెక్కగట్టి పసుపు రంగులో చూపిస్తుంది, ఓనరు గారు ఒప్పుకునే దాకా పసుపే. కంపెనీలు రౌండ్ చేసుకుంటాయి కాబట్టి మా లెక్క సలహా మాత్రమే, లిస్టుదే ఆఖరి మాట.

మధ్యాహ్నం రెండింటికి 41 బిల్లులు కొట్టారు. పాత నీలం తెర పక్కన తెరిచే ఉంది, ఎవరూ ముట్టుకోలేదు. ఆ తర్వాత నేను గుడికి వెళ్లలేదు, క్యూ చూసి ఇంటికొచ్చి పడుకున్నాను.

అక్టోబర్ 8

చిన్నచిన్నవి. జీఎస్టీ నంబర్ ఎడిటర్: 15 అక్షరాలు, మొదటి రెండు రాష్ట్రం, ఆఖరిది మిగతా పద్నాలుగింటి లెక్కతో వచ్చే తనిఖీ అక్షరం. ఒక్క అక్షరం తప్పు కొట్టినా సర్వర్‌ని అడగకుండానే పట్టేస్తుంది. జగ్గయ్యపేట కస్టమర్ 37 (ఆంధ్రప్రదేశ్), కొంచెం దాటితే కోదాడ 36 (తెలంగాణ). 36 పడగానే లైన్లన్నీ ఐజీఎస్టీకి (వేరే రాష్ట్రానికి అమ్మితే పడే జీఎస్టీ) మారాలి, మారుతున్నాయి.

డెలివరీ కుర్రాళ్ల లైన్ (రూటు) చీటీలో షాపుల పేర్లు తెలుగులో కావాలన్నారు. పెట్టాం, వెతికితే కొన్ని దొరకట్లేదు. "వెల్‌నెస్" అని ఒకరు, "వెల్నెస్" అని ఒకరు టైపు చేశారు. మొదటిదాంట్లో ల్ తర్వాత కంటికి కనిపించని అక్షరం ఒకటి ఉంటుంది, యూనికోడ్‌లో 200సి. వెతికేటప్పుడు దాన్ని రెండు వైపులా తీసేస్తున్నాం. పేరు అచ్చులో మాత్రం ఉంచుతాం, లేకపోతే ఒత్తులు కలిసిపోయి చదవడానికి రాదు.

ఓనరు గారి ల్యాప్‌టాప్‌లో ఫైర్‌ఫాక్స్. గడి మీద ఉండి స్లాష్ నొక్కితే పేజీ కింద వెతుకు పెట్టె తెరుచుకుంటోంది. అది ఫైర్‌ఫాక్స్ షార్ట్‌కట్. ఆపేశాను.

స్టార్ కీకి కూడా పని దొరికింది: పై లైన్‌లో ఉన్నదే ఇక్కడా. ఒకే బ్యాచ్, ఒకే ఎక్స్‌పైరీతో వరసగా నాలుగు ఐటెమ్‌లు వస్తుంటాయి. బాబాయ్ అడిగి పెట్టించుకున్న మొదటి ఫీచర్ ఇది.

అక్టోబర్ 29

మొంథా తుఫాను. నిన్న రాత్రి తీరం దాటింది. షాపు నిన్న మధ్యాహ్నమే మూసేశారు, మూసే ముందు కరెంటు పోయింది, యూపీఎస్ బ్యాటరీ ఎప్పుడో చచ్చిపోయిందని అప్పుడే తెలిసింది. 63 లైన్ల పర్చేజ్ ఎంట్రీ, 58 దగ్గర ఉన్నారు.

ఇవాళ సాయంత్రం తెరిచాక బాబాయ్ దగ్గర్నుంచి ఫోన్ వచ్చేసరికి గుండె జారింది. "57 ఉన్నాయమ్మాయ్. ఒక్కటి పోయింది, కొట్టేశాలే." లైన్ పూర్తయిన ప్రతిసారీ బ్రౌజర్‌లోనే ఉండే ఇండెక్స్‌డ్‌డీబీ అనే డేటాబేస్‌లో దాచేలా ఆగస్టులో కుర్రాడు రాశాడు, అప్పట్లో నేను ఇప్పుడెందుకురా అన్నాను. వాడికి ఆ మాట ఇవాళ ఫోన్ చేసి మరీ చెప్పాను.

నవంబర్ 8

మళ్లీ టైమ్ చూశాం. అదే 25 లైన్ల ఇన్‌వాయిస్. 3 నిమిషాల 25 సెకన్లు, పాతదానికంటే 15 సెకన్లు తక్కువ. మూడు నెలల పనికి 15 సెకన్లా అని కుర్రాడు నవ్వాడు. రోజుకి ఎన్ని ఇన్‌వాయిస్‌లో లెక్కేసుకోమన్నాను, వేసుకోలేదు, బిర్యానీకి పోదాం అన్నాడు.

లేచే ముందు బాబాయ్ అడిగారు: "మైనస్ ఖాళీగా ఉందిగా?" అవును, నంబర్ ప్యాడ్ మీద ఏ పనీ లేని కీ అదొక్కటే మిగిలింది. రిటైల్ షాపు వాడు కొత్త సరుకు తీసుకుంటూ పాత సరుకు రెండు స్ట్రిప్పులు తిరిగిస్తే అదే బిల్లులో -2 అని కొట్టి పంపించేసేవారట పాతదాంట్లో. ఆడిటర్ గారిని అడిగితే కుదరనే కుదరదు, వాపసుకి వేరేగా క్రెడిట్ నోట్ (తిరిగొచ్చిన సరుకు విలువ తగ్గించే కాగితం) ఉండాలి, అమ్మకం బిల్లులో మైనస్ లైన్ ఏమిటి అన్నారు. ఆ సంగతే బాబాయ్‌కి చెప్పాను. ఆయన ఇన్‌వాయిస్ కట్ట ఎడమచేతిలోకి తీసుకుంటూ అన్నారు:

"నేను మైనస్ రెండు కొడతానమ్మాయ్. లోపల ఎన్ని కాగితాలు పుట్టిస్తావో నీ ఇష్టం."

కోడ్‌లో బ్రాంచ్ (విడిగా మార్చుకునే ప్రతి) తెరిచాను. మైనస్ పడిన లైన్‌ని ఎడిటర్ బిల్లులోంచి తీసి పక్కన క్రెడిట్ నోట్ డ్రాఫ్ట్‌లో వేయాలి, కర్సర్ మాత్రం బిల్లులోనే తర్వాతి లైన్‌లో ఉండాలి. సోమవారం నుంచి.